నూట ఎనభై రెండో రోజు

దేరాలో పద్నాలుగో అంతస్తు. కిటికీ కింద క్రీక్,
ఫ్రిజ్‌లూ టైర్లూ ఎత్తుకుని ఇరాన్ వైపు కదిలే చెక్క పడవలు.
ఏ సరుకు ఏ ఒడ్డున ఆదాయమవుతుందో
చెప్పడం నా పని.
కంపెనీలకి కాళ్ళుండవు, అయినా
అవి ఎక్కడ నిలబడ్డాయో వెతుకుతాను.
మనుషులకి ఉంటాయి కనుక
రోజులు లెక్కపెడతాను.

ఇవాళ నా దీపం కింద లతీఫ్ సాబ్ పాస్‌పోర్టు.
కోరుట్ల మనిషి. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో
అల్యూమినియం కిటికీల వర్క్‌షాపు,
మచ్చ రాజేశంతో సగం సగం.
ఇరవై ఆరేళ్ళ కిందటి ఒక్క పేజీ ఒప్పందం:
"లాభమొస్తే ఇద్దరిది. నష్టమొస్తే మల్ల సూద్దాం."
ఇంతకన్నా మంచి డ్రాఫ్టింగ్ నేను చూడలేదు.
చావు గురించి మాత్రం ఒక్క క్లాజూ లేదు.

మోకాలి ఆపరేషన్‌కి హైదరాబాదులో ఆగిపోయిన నెలలూ
చెల్లెలి స్థలం తగాదాకి తిరిగిన వారాలూ కలిపి
ఏడాదిలో నూట డెబ్బై ఒకటి.
ఫోన్లోనే హెచ్చరించాను: ఇంక పది రోజులే, సాబ్,
నూట ఎనభై రెండు తాకిందంటే ఇండియా మిమ్మల్ని
తనవాడంటుంది, షార్జా రాబడితో సహా.
"తనోడంటే మంచిదే గదా" అని నవ్వాడు.

ఫిబ్రవరిలో రాజేశం పోయాడు.
ఏ భవనం మీద నుంచో పడి కాదు, టీ తాగుతూ.
పెట్టెతో పాటు విమానంలో లతీఫ్ సాబ్.
మెట్‌పల్లిలో దినాలు అయ్యేదాకా ఉన్నాడు,
టెంటు వేయించాడు, బియ్యం తూయించాడు,
వంటవాళ్ళతో బేరమాడాడు.
దిగిన రోజూ లెక్కే, ఎగిరిన రోజూ లెక్కే.
పదకొండు.

"సచ్చిన మనిషిని తోల్కపోయిన దినాలు గూడ లెక్కనేనా,
వకీలమ్మా?"
చట్టం ఎన్నాళ్ళని అడుగుతుంది. ఎందుకని అడగదు.

లస్మవ్వకి నెలనెలా పంపే సగం ఇంకో తంటా.
జీతమా, వాటానా, అప్పా, కానుకా?
ఏ పేరు పెడితే ఆ రేటు.
కానుక అంటే బంధువై ఉండాలి, బంధువులకో జాబితా ఉంది.
బావమరిది భార్య ఉంది, మేనత్త మొగుడున్నాడు.
ఒక్క గిన్నెలో అన్నం కలుపుకున్నవాడు లేడు.

రెండు దేశాల ఒప్పందంలో ఒక మాట దొరికింది,
జీవిత ప్రయోజనాల కేంద్రం.
అదెక్కడుంది సాబ్ మీకు, అని అడిగాను.
జేబులోంచి వర్క్‌షాపు తాళాలు తీసి టేబుల్ మీద పెట్టాడు.
రెండు గుత్తులు.

అప్పుడు భూతద్దం పట్టాను శంషాబాదు ముద్ర మీద.
విమానం దిగింది రాత్రి పదకొండూ నలభైకి.
ముద్ర పడేసరికి తేదీ మారింది.
వకీలు గుండె, సిగ్గులేనిది, ఎగిరి గంతేసింది.
ముద్రనే పట్టుకుందాం సాబ్, నూట ఎనభై ఒకటి!
ఆ ఇరవై నిమిషాలూ మీరు ఏ దేశంలోనూ లేరు.

చేతిలో చాయ్ గ్లాసు తాగనూ లేదు, దించనూ లేదు.
"లేనంటవా?
అందరు దిగినంక గూడ సీట్లనే కూసున్న.
కింద సామాన్ల తలుపు తీసిండ్రు, లైటేసిండ్రు.
పెట్టె దించేది కిటికీల కెల్లి సూసిన.
గా ఇరవై నిమిషాలు నేను ఆడనే ఉన్న. రాయి."

ఎంత పడుతుందో చెప్పాను. రూపాయల్లో చెప్పి
మళ్ళీ దిర్హాముల్లో చెప్పాను.
"రాయమన్న గద."

గడిలో నూట ఎనభై రెండు కొట్టాను.
షీటు దానంతటదే ఎర్రబడింది.

లేచి, వెళ్ళబోతూ, నా కిటికీ అద్దం అటూ ఇటూ జరిపి చూశాడు.
వేలితో అంచు తడిమాడు.
"రబ్బరు పోయింది, దుమ్మొస్తది. రేపు పిలగాణ్ణి తోలిస్త.
బిల్లు మా ఇద్దరి పేరు మీదనే అస్తది,
ఏమనుకోకు."